ఆధునిక జర్మన్ చరిత్రలో పీహెచ్‌డీ: ఎంఏ ముగిస్తున్న విద్యార్థికి సమాధానం

హైదరాబాదులో చరిత్ర ఎంఏ చివరి సెమిస్టరులో ఉన్నానని, జర్మన్‌లో బి1 (ఎ1 నుంచి సి2 దాకా ఉండే ఆరు మెట్లలో మూడోది) పూర్తి చేశానని, నాజీ కాలంపై పీహెచ్‌డీ చేయాలని ఉందని రాశారు. ఆ భాషాస్థాయి సరిపోతుందా, ఆ అంశం మంచిదేనా, జర్మనీకే వెళ్లాలా లేక అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లాలా, ఇంతా చేస్తే ఉద్యోగం దొరుకుతుందా అన్నవి మీ నాలుగు ప్రశ్నలు. నేను కోస్తా జిల్లాలో తెలుగు మాధ్యమంలో చదువుకుని, హైదరాబాదులో ఎంఏ చేసి, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీకి బందీలుగా చిక్కిన భారతీయ సిపాయిల గురించి బెర్లిన్‌లో పీహెచ్‌డీ చేశాను. ఆ తర్వాత కొన్నేళ్లు అక్కడే ఒప్పంద ఉద్యోగాల్లో ఉండి, ఇప్పుడు మన దేశంలో పాఠాలు చెబుతున్నాను. నా అనుభవంలో ఏ ప్రశ్న ఎంత బరువైనదో ఆ మేరకే సమాధానమిస్తాను కాబట్టి భాషకు, దస్త్రాలకు ఎక్కువ చోటు, డబ్బుకు, వీసాకు తక్కువ చోటు దక్కుతాయి.

బి1 స్థాయి జర్మన్‌తో బెర్లిన్‌లో ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, వైద్యుడికి ఒంట్లో బాధ చెప్పుకోవచ్చు, కానీ 1913 నాటి ఒక మంత్రిత్వశాఖ నోట్‌ను చివరిదాకా చదవడం సాధ్యం కాదు. పీహెచ్‌డీ ప్రతిపాదన పంపే నాటికి మీ చదివే జర్మన్ సి1 స్థాయికి చేరాలి. మాట్లాడే జర్మన్ కొంత వెనుకబడినా ఫరవాలేదు, అక్కడికి వెళ్లాక ఆరు నెలల్లో అదే వస్తుంది. చదివే జర్మన్ మాత్రం ఎవరూ నేర్పరు, రోజూ కూర్చుని చదవాల్సిందే. హైదరాబాదులో ఉన్నారు కాబట్టి బంజారాహిల్స్‌లోని గోథే సెంట్రం తరగతులు, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లోని జర్మన్ విభాగం రెండూ మీకు అందుబాటులోనే ఉన్నాయి. తరగతిలో నేర్పే సంభాషణలతో ఆగిపోకుండా, మీకు ఆసక్తి ఉన్న కాలానికి చెందిన అచ్చు మూలాలను, అంటే పార్లమెంటు చర్చలను, వార్తాపత్రికలను ఇప్పటినుంచే రోజుకు రెండు పేజీల చొప్పున చదవండి. జర్మన్ పార్లమెంటు అయిన రైష్‌స్టాగ్ చర్చలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పాత వార్తాపత్రికల కోసం జర్మన్ డిజిటల్ లైబ్రరీ 2021లో ప్రత్యేకంగా ఒక పోర్టల్ తెరిచింది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక అనుకూలం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. జర్మన్‌లో ఉపవాక్యం వస్తే క్రియ దాని చివరికి పోతుంది, మన వాక్యానికైతే ఎప్పుడూ చివరే దాని చోటు. ఆరు పంక్తులు నడిచాక గానీ క్రియ కనిపించని ప్రష్యన్ (అప్పటి జర్మనీలో అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాకు చెందిన) అధికారి వాక్యాన్ని చూసి నాతోపాటు చదివిన ఇంగ్లండు విద్యార్థి తల పట్టుకుని కూర్చునేవాడు. నాకు మాత్రం అది మా తాతగారి పెట్టెలో ఉన్న భూమి దస్తావేజు చదువుతున్నట్టుండేది: ఎవరు, ఎవరికి, ఏ సరిహద్దుల మధ్య, ఎంత సొమ్ము పుచ్చుకుని అన్నీ చెప్పిన తర్వాతే ‘అమ్మితిని’ అన్న మాట వస్తుంది. జర్మన్‌ను మనసులో ఇంగ్లీషులోకి మార్చుకుని చదవకండి, తెలుగు మీదుగా చదవండి, వేగం పెరుగుతుంది.

భాష వచ్చాక కూడా లిపి మిగిలే ఉంటుంది, చాలామంది ఆగిపోయేది అక్కడే. పాత జర్మన్ పుస్తకాలు, పత్రికలు అచ్చయిన ఫ్రాక్టూర్ అక్షరాలకు కన్ను అలవాటు పడటానికి వారం పది రోజులు చాలు. చేతిరాత అలా కాదు. మన పాత రెవెన్యూ కాగితాల్లోని గొలుసుకట్టు రాత మీరెప్పుడైనా చూసి ఉంటే, కలం ఎత్తకుండా సాగిన ఆ గీతల్లో ఏది ‘వ’నో ఏది ‘మ’నో తేలక ఎంత తికమక పడతామో మీకు తెలుస్తుంది. కురెంట్ అనే జర్మన్ చేతిరాత అచ్చంగా అలాంటిదే. అందులో ‘ఇ’ (e) అక్షరం రెండు పొట్టి నిలువు గీతలుగా ఉండి ‘ఎన్’ (n) లాగే కనిపిస్తుంది, ‘యు’ (u) కూడా అలాగే ఉంటుంది కాబట్టి తేడా తెలియడానికి దాని నెత్తిన చిన్న వంపుగీత పెడతారు. రాసేవాడు తొందరలో ఆ వంపును మరిచిపోతే ఇక చదివేవాడి అదృష్టం. దీనినే సులువు చేసి లుడ్విగ్ స్యూటర్లీన్ అనే చిత్రకారుడు రూపొందించిన రాతను ప్రష్యా బడుల్లో 1915 నుంచి నేర్పారు, 1941లో నాజీ ప్రభుత్వమే దాన్ని ఆపించింది. అంతకుముందు బడికి వెళ్లినవాళ్లు తర్వాత కూడా అదే చేతితో రాశారు కాబట్టి, యుద్ధానంతర కాలపు కుటుంబ ఉత్తరాల కోసం వెళ్లినా ఈ లిపి మిమ్మల్ని వదలదు.

నా పొరపాటు ఒకటి చెబుతాను. ఖైదీల శిబిరం నుంచి ఒక అధికారి పంపిన నివేదికలో, బందీలు తిండి గురించి ‘ఎన్నడూ’ ఫిర్యాదు చేయలేదన్న వాక్యాన్ని ఆధారంగా చేసుకుని నా మూడో అధ్యాయంలో నాలుగు పేజీలు రాశాను. ‘ఎన్నడూ లేదు’ అనే అర్థమిచ్చే మాట జర్మన్‌లో ‘నీ’, ‘ఇప్పుడు’ అనే అర్థమిచ్చే మాట ‘నున్’. రెండూ కురెంట్‌లో ఐదారు నిలువు గీతలు, పైన ఒకదానికి చుక్క, ఇంకొకదానికి వంపు. నేను చుక్క అనుకున్నది వంపులో చెరిగిపోగా మిగిలిన ముక్క. అసలు వాక్యం ‘ఖైదీలు ఇప్పుడు ఫిర్యాదు చేశారు’ అని. మా గైడు దగ్గర సహాయకురాలిగా ఉన్న ఒకామె ఫొటోను పెద్దది చేసి చూపించేదాకా నాకది తెలియలేదు. నాలుగు పేజీలూ తీసేశాను, అధ్యాయం తల్లకిందులైంది. ట్రాన్స్‌క్రిబుస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ రాతను ఇప్పుడు బాగానే చదువుతున్నాయి, వాడుకోండి. అయితే అలాంటి ఒక్క మాట దగ్గర తప్పు చేసేది అవే, ఆ తప్పు పట్టుకోవలసింది మీ కన్నే.

నాజీ కాలపు కాగితాలు చాలావరకు టైపు చేసినవే కదా, ఈ బాధ తప్పుతుందని మీరు అనుకుని ఉండవచ్చు. కానీ టైపు చేసినది గుమాస్తా సిద్ధం చేసిన చిత్తు, నిర్ణయం పక్కన మార్జిన్లో పెన్సిలుతో ఉంటుంది. జర్మన్ మంత్రిత్వశాఖల్లో రంగులకు కూడా అధికారం ఉంది: ఆకుపచ్చ మంత్రిది, ఎరుపు మంత్రి కింది అత్యున్నత అధికారి అయిన స్టేట్ సెక్రటరీది. ఒక దస్త్రంలో పేజీల కొద్దీ వాదన నడిచి, చివర ఆకుపచ్చ పెన్సిలుతో ఒక పొడి అక్షరం, దాని కింద ‘దస్త్రంలో చేర్చండి’ అనే అర్థమిచ్చే మూడక్షరాల సంక్షిప్తం ఉంటే, ఆ ప్రతిపాదన అక్కడితో చచ్చిపోయిందని అర్థం. ఫలానా తేదీన మళ్లీ నా ముందు పెట్టండి అనే గుర్తు ఉంటే అది బతికే ఉంది. మన సచివాలయాల్లో ఫైలు నడిచే తీరు కొంచెమైనా తెలిసినవారికి ఇది వింతేమీ కాదు. నలుపు తెలుపు మైక్రోఫిల్ములో ఈ రంగులు పోతాయి కాబట్టి కీలకమైన దస్త్రాలనైనా అసలు కాగితంలోనే చూపించమని అడగాలి.

ఇక అంశం సంగతి. నాజీ కాలాన్ని ఎంచుకోవద్దని నేననను. కానీ ఆ పన్నెండేళ్ల గురించి పరిశోధించడానికే మ్యూనిక్‌లో 1949లో ఒక సంస్థ మొదలైంది, నాటినుంచి నేటిదాకా జర్మనీలోనూ బయటా వచ్చిన గ్రంథాలను చదివి ముగించడానికే ఒక జీవితకాలం చాలదు. ‘నాజీ కాలం’ అనేది అంశం కాదు, ఒక కాలం పేరు. మీ ఉత్తరంలో ప్రశ్న కనిపించలేదు. ఏ కాగితం దొరికితే మీ ప్రశ్నకు సమాధానం ‘అవును’ అవుతుందో, ఏది దొరికితే ‘కాదు’ అవుతుందో మీరు చెప్పగలిగిన రోజున మీకు అంశం దొరికినట్టు లెక్క.

ఈ రంగంలో పెద్ద చర్చలు ఎలా పుట్టాయో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. మొదటి ప్రపంచయుద్ధానికి జర్మనీ బాధ్యత ఎంత అన్న వాదన సద్దుమణిగిందనుకున్న సమయంలో, 1961లో ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడు తన పుస్తకంతో దాన్ని మళ్లీ రగిలించారు. ఆయన వాదనకు వెన్నెముక పోట్స్‌డామ్ ఆర్కైవ్‌లో దొరికిన కాగితం: యుద్ధం మొదలైన ఐదు వారాలకే, 1914 సెప్టెంబరు 9న, చాన్సలర్ కార్యాలయంలో సిద్ధమైన ఆక్రమణ లక్ష్యాల పట్టిక. మరోవైపు 1986, 87లలో పత్రికల్లో నడిచిన చరిత్రకారుల వివాదం, అంటే నాజీల హత్యాకాండను స్టాలిన్ నేరాలతో పోల్చవచ్చా అన్న వివాదం, దేశమంతటినీ కుదిపింది గానీ కొత్త కాగితాలను పెద్దగా వెలికి తీయలేదు. విద్యార్థులకు రెండోది ఎక్కువ ఆకర్షణీయంగా ఉంటుంది, నాకూ ఉండేది. అయినా పీహెచ్‌డీకి పనికొచ్చేది మొదటి తరహా పని. ఇటీవల నమీబియాలో హెరెరో, నామా ప్రజలపై 1904 నుంచి 1908 వరకు జరిగిన హత్యాకాండ చుట్టూ పరిశోధన బాగా పెరిగింది, దాన్ని జాతినిర్మూలనగా జర్మన్ ప్రభుత్వం 2021 మేలో ఒప్పుకుంది. వలస పాలన చరిత్రను ఇంటి చరిత్రగానే చదివి పెరిగిన మనలాంటి వారు మాట్లాడటానికి అక్కడ చోటుంది.

ఆ మాటకొస్తే మీ దగ్గర ఉన్నదీ, బెర్లిన్ విద్యార్థి దగ్గర లేనిదీ ఏమిటో ఒకసారి ఆలోచించండి. మీకు తెలుగు వచ్చు. జర్మనీలో ల్యూనెబుర్గ్ మైదానపు పల్లెటూరైన హెర్మన్స్‌బుర్గ్‌లో లూయిస్ హార్మ్స్ అనే పాస్టరు 1849లో ఒక మిషన్ స్థాపించాడు. ఆ మిషన్ వాళ్లు 1860ల మధ్యలో మన నాయుడుపేటకు వచ్చి, సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతాల్లో పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం వారిని శత్రుదేశస్థులుగా నిర్బంధించి వెనక్కి పంపేసింది. వారు రాసిన ఉత్తరాలు, వారి మిషన్ పత్రికలు జర్మన్‌లో ఉన్నాయి, వాటి నిండా తెలుగు మాటలు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు జర్మన్ చెవికి వినిపించినట్టు రాసి ఉంటాయి. వాటిలో ఏ పేరు ఏ కులానిదో, ఏ మాట వెక్కిరింతో, ఏది గౌరవమో తెలుగు తెలిసినవారు మాత్రమే పసిగట్టగలరు. (జర్మనీలో తెలుగు అచ్చు కథ ఇంకా పాతది, బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు పుస్తకాలు 1740లలోనే హాలే నగరంలో అచ్చయ్యాయి. కానీ అది ఆధునిక యుగం కాదు, ఆ దారిలో పడితే మళ్లీ తేలడం కష్టం.) హైదరాబాదులోనే పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, అంటే సరోజినీ నాయుడి తమ్ముడు, 1914లో బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా భారతీయ విప్లవకారులు జర్మనీలో ఏర్పరచుకున్న బెర్లిన్ కమిటీలో ముఖ్యుడయ్యాడు, 1937లో స్టాలిన్ ప్రక్షాళనలో మాస్కోలో ప్రాణాలు కోల్పోయాడు. జర్మనీలో చదువుకుంటూ సుభాష్ చంద్రబోస్‌కు సహాయకుడిగా చేరి, 1943లో ఆయనతో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ కూడా హైదరాబాదీయే.

అయితే ఇక్కడే ఒక గొయ్యి ఉంది, అందులో పడి లేచినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. భారతదేశం నుంచి వచ్చిన విద్యార్థి భారతదేశానికి సంబంధించిన అంశం తీసుకోగానే, జర్మన్ విశ్వవిద్యాలయం అతన్ని దక్షిణాసియా విభాగంలోకి నెట్టేస్తుంది. అక్కడివారు మంచివారే, కానీ తర్వాత జర్మన్ చరిత్ర ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టినప్పుడు మిమ్మల్ని ఎవరూ జర్మన్ చరిత్రకారుడిగా చూడరు. దీని నుంచి తప్పించుకునేది ప్రశ్న అడిగే తీరుతోనే. నాయుడుపేటలో మతం మారినవారి జీవితం ఎలా మారింది అని అడిగితే అది ఆంధ్ర చరిత్ర. నాయుడుపేట ఉత్తరాలు చదివిన హెర్మన్స్‌బుర్గ్ రైతు, ప్రపంచం గురించి, జాతి గురించి, చక్రవర్తి గురించి ఏమని తెలుసుకున్నాడు, వారం వారం చందా డబ్బు ఎందుకు వేశాడు అని అడిగితే అది జర్మన్ చరిత్ర. కాగితాలు అవే, విభాగం మారిపోతుంది. మొదటి రోజునుంచే గైడుతో ఈ మాట తేల్చుకోండి.

దస్త్రాల దగ్గర జర్మనీకి రెండు లక్షణాలున్నాయి: అవి ఒకచోట ఉండవు, కొన్ని అసలే ఉండవు. సమాఖ్య ప్రభుత్వ ఆర్కైవ్ ప్రధాన కేంద్రం కోబ్లెంజ్‌లో ఉంది, నాజీ ప్రభుత్వ, పార్టీ దస్త్రాలు బెర్లిన్ లిష్టర్‌ఫెల్డెలో, సైనిక దస్త్రాలు ఫ్రైబుర్గ్‌లో ఉన్నాయి. విదేశాంగ శాఖకు బెర్లిన్‌లోనే వేరే ఆర్కైవ్ ఉంది, ప్రష్యా రాజ్యం కాగితాలు అదే నగరంలోని డాలెమ్‌లో ఉంటాయి. నాజీల బాధితుల పత్రాలు ఉన్న బాట్ ఆరోల్సెన్ సంగ్రహం పరిశోధకులకు 2007 చివర్లో గానీ తెరుచుకోలేదు. తూర్పు జర్మనీ రహస్య పోలీసు దస్త్రాలు 111 కిలోమీటర్ల పొడవు ఉంటాయని లెక్క, 2021 జూన్‌లో అవి సమాఖ్య ఆర్కైవ్‌లో కలిశాయి. మామూలు దస్త్రం 30 ఏళ్ల తర్వాత తెరుచుకుంటుంది, కానీ ఒక వ్యక్తి గురించిన దస్త్రమైతే ఆ మనిషి చనిపోయి పదేళ్లు కావాలి, మరణ తేదీ తెలియకపోతే పుట్టి వందేళ్లు గడవాలి. మీ అంశం వ్యక్తిగత దస్త్రాల మీద ఆధారపడితే ఈ లెక్క ముందే వేసుకోండి.

నా మొదటి ప్రతిపాదన మొత్తం ప్రష్యా యుద్ధ మంత్రిత్వశాఖ దస్త్రాల మీద కట్టిన మేడ. దాన్ని చదివిన గైడు, ఒక్క తేదీ చెప్పారు: 1945 ఏప్రిల్ 14. ఆ రాత్రి బ్రిటిష్ విమానాలు పోట్స్‌డామ్ మీద బాంబులు వేసినప్పుడు సైనిక ఆర్కైవ్ తగలబడి, ప్రష్యా సైన్యం కాగితాల్లో అధిక భాగం బూడిదైపోయింది. నేను నెల రోజులు దిగులుపడ్డాక తెలిసిన విషయం ఏమిటంటే, చక్రవర్తి కాలంలో బవేరియా, సాక్సనీ, వ్యుర్టెంబెర్గ్‌లకు సొంత యుద్ధ మంత్రిత్వశాఖలు ఉండేవి, వాటి దస్త్రాలు మ్యూనిక్, డ్రెస్డెన్, స్టుట్‌గార్ట్‌లలో క్షేమంగా ఉన్నాయి. బెర్లిన్ నుంచి వచ్చిన సర్క్యులర్ల ప్రతులు అక్కడి అధికారులు భద్రంగా దాచుకున్నారు. బెర్లిన్‌కు దక్షిణాన వ్యూన్స్‌డోర్ఫ్‌లో భారతీయ ఖైదీలను ఉంచిన అర్ధచంద్ర శిబిరం గురించి నాకు కావలసిన ఆదేశాలు స్టుట్‌గార్ట్‌లో దొరికాయి. మిగతా సగం విదేశాంగ శాఖలో దొరికింది: ‘మన శత్రువులపై కార్యకలాపాలు, రెచ్చగొట్టే ప్రయత్నాలు’ అన్న శీర్షిక కింద ఇండియాకు వాళ్లు ప్రత్యేకంగా ఒక వరుస తెరిచారు, అంత నిస్సంకోచంగా పేరు పెట్టిన ఫైలును నేను మరెక్కడా చూడలేదు. ఆ ఖైదీల గొంతులను కూడా అప్పటి శాస్త్రవేత్తలు రికార్డు చేశారు, అవి బెర్లిన్ హుంబోల్ట్ విశ్వవిద్యాలయం ధ్వని ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆలోచన పక్కా అయ్యేలోగా సమాఖ్య ఆర్కైవ్ వారి ఆన్‌లైన్ సూచిక తెరిచి మీ అంశానికి సంబంధించిన దస్త్రాల సంఖ్యలు నిజంగా ఉన్నాయో లేవో చూడండి. నేను చేయని పని అదే.

లిష్టర్‌ఫెల్డె ఆర్కైవ్ ఉన్న ఆవరణ మొదట ప్రష్యా సైనిక బాలుర పాఠశాల, తర్వాత హిట్లర్ అంగరక్షక దళం బారకాసులు, యుద్ధం తర్వాత అమెరికన్ సైన్యం విడిది. అక్కడికి మొదటిసారి వెళ్లినప్పుడు పెన్నులన్నీ బయట లాకర్లో పెట్టించి పెన్సిలుతో లోపలికి పంపారు. ఆ రోజు మొత్తం మీద నేను పూర్తిగా చదవగలిగింది ఒక పేజీన్నర. మూడో నెలకు రోజుకు ఒక దస్త్రం చదవగలిగాను. సొంత ఫోనుతో ఫొటోలు తీసుకోనిస్తున్నారు కదా అని ఇప్పటి విద్యార్థులు వారంలో ఐదు వేల ఫొటోలు తీసుకుని ఇంటికొస్తారు, ఏ ఫొటో ఏ దస్త్రంలోదో రాసుకోరు. ప్రతి దస్త్రం మొదట అట్ట ఫొటో, ప్రతి కాగితానికి దాని పేజీ అంకె కనిపించేలా ఫొటో తీయడం అలవాటు చేసుకోండి.

ఏ దేశం అన్న ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నేరుగా పీహెచ్‌డీకి పోకుండా, ముందు జర్మనీలో రెండేళ్ల మాస్టర్స్ చేయండి. మీకిప్పటికే ఎంఏ ఉంది కాబట్టి ఇది వెనకడుగులా కనిపిస్తుంది, కానీ అక్కడి సెమినారులో ఇరవై ఐదు పేజీల వ్యాసాలు జర్మన్‌లో నాలుగైదు రాస్తే తప్ప అక్కడి ఆచార్యుడు మిమ్మల్ని నమ్మడు, మీకూ మీ మీద నమ్మకం కలగదు. అమెరికాలో అయితే మొదటి రెండు మూడేళ్లు తరగతులు, ఆ తర్వాత కఠినమైన మౌఖిక పరీక్షలు, ఆ పైన ఆర్కైవ్ ఏడాది, మొత్తం ఆరేడేళ్లు పడుతుంది. కానీ ఆ కాలమంతా భృతి ఉంటుంది, జర్మనీతో పాటు ఇతర ఐరోపా చరిత్ర కూడా బోధించగలిగేలా తయారు చేస్తారు. మీ జర్మన్ ఇప్పుడున్న స్థాయిలో ఉండి, డబ్బు భద్రత ముఖ్యమనుకుంటే అమెరికా తప్పేమీ కాదు. బ్రిటన్‌లో మూడు నాలుగేళ్లలో ముగుస్తుంది, ఆ వ్యవధిలో కురెంట్ నేర్చుకుని ఆర్కైవ్ తిరిగి రాయడమంటే పరుగు పందెమే, భాష ముందే పూర్తిగా వచ్చినవారికే నేను దాన్ని సూచిస్తాను.

జర్మనీలో పీహెచ్‌డీకి తరగతులు దాదాపు ఉండవు, అంతా మీరూ మీ గైడూ. ఆయన్ని వాళ్లు ‘డాక్టరు తండ్రి’ అంటారు, ఆమె అయితే ‘డాక్టరు తల్లి’. పేరుకు తగ్గట్టే ఆ సంబంధం చాలా దూరం వస్తుంది, కాబట్టి విశ్వవిద్యాలయం పేరు చూసి కాక ఆ మనిషిని చూసి ఎంచుకోండి, ఆయన ఎప్పుడు పదవీ విరమణ చేస్తారో కూడా మర్యాదగానే కనుక్కోండి. మరో విశేషం ఏమిటంటే మౌఖిక పరీక్ష నెగ్గినా మీ సిద్ధాంత గ్రంథాన్ని ప్రచురించేదాకా పేరు ముందు డాక్టర్ అని సాధారణంగా పెట్టుకోనివ్వరు. చాలా ప్రచురణ సంస్థలు అచ్చు ఖర్చులో భాగం రచయితనే పెట్టుకోమంటాయి. నా పట్టా కాగితం చేతికి రావడానికి మౌఖిక పరీక్ష తర్వాత ఏడాదిన్నర పట్టింది.

డబ్బు విషయం క్లుప్తంగా. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు, అయితే బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లో ఐరోపా సంఘం బయటి మాస్టర్స్ విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) చూపించాల్సిన మొత్తం 2024 సెప్టెంబరులో ఏడాదికి 11,904 యూరోలైంది. మాస్టర్స్‌కు వెళ్లే భారతీయులకు, వారి డిగ్రీలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా 2022 నవంబరు నుంచి తప్పనిసరి, దానికి నెలల సమయం పట్టవచ్చు కాబట్టి ముందే దరఖాస్తు చేయండి. పీహెచ్‌డీ దశలో డాడ్ (జర్మన్ విద్యా వినిమయ సంస్థ) స్కాలర్‌షిప్పుకు, రాజకీయ పార్టీల అనుబంధ ఫౌండేషన్లకు దరఖాస్తు పెట్టవచ్చు. ఉపకారవేతనం, ఉద్యోగం రెండూ దొరికే అవకాశం ఉంటే మాత్రం ఉద్యోగమే తీసుకోండి, అది సగం జీతపు ఉద్యోగమైనా సరే. ఉద్యోగంలో ఆరోగ్య బీమా, పింఛను యజమాని వాటాతో కలిసి వస్తాయి, ఉపకారవేతనంలో ఆ భారం మీదే.

చివరి ప్రశ్నకు తీపి మాట చెప్పలేను. జర్మనీలో 2007 నాటి చట్టం ప్రకారం శాస్త్రీయ ఉద్యోగాల్లో కాలపరిమితి ఒప్పందాలు పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు మించకూడదు. తాత్కాలికంగా ఉంచుకోవడాన్ని అదుపు చేయడానికి తెచ్చిన ఈ నియమం, శాశ్వత ఉద్యోగాలు లేనిచోట ఆరేళ్లకు గెంటివేతగా మారింది. దీని మీద 2021లో ‘నేను హన్నా’ (హన్నా అంటే ఆ చట్టాన్ని వివరించే ప్రభుత్వ వీడియోలోని కల్పిత పరిశోధకురాలు) అన్న నినాదంతో వేలమంది తమ కథలు బయటపెట్టారు. హాబిలిటాట్సియోన్ అనే రెండో పెద్ద గ్రంథం రాసి, సొంత విశ్వవిద్యాలయం తన వాళ్లనే ఆచార్యులుగా పిలవకూడదన్న ఆనవాయితీ వల్ల ఊరు మారి, నలభై దాటాక ఆచార్యులైనవారు నాకు తెలుసు, కానివారు ఇంకా ఎక్కువమంది తెలుసు. నేను పనిచేసిన ఒకచోట, ఒప్పందం ఖాయంగా పొడిగిస్తామని నోటిమాటగా చెప్పి, గడువు మూడు వారాలుందనగా నిధులు లేవన్నారు. కాగితం మీద లేని మాటను జర్మనీలోనైనా నమ్మరాదని అప్పుడు నేర్చుకున్నాను. ఈ వృత్తిని జూదంతో పోలుస్తూ సమాజశాస్త్రవేత్త మాక్స్ వేబర్ మ్యూనిక్‌లో మాట్లాడింది 1917లో, అప్పటికీ ఇప్పటికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

మన దేశంలో ఆధునిక ఐరోపా చరిత్ర పాఠ్యాంశంగా దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలో ఉంది, దాన్ని మూలభాష తెలిసి బోధించేవారు చాలా తక్కువ. ఉద్యోగ ప్రకటనలో ‘జర్మన్ చరిత్ర’ అన్న మాట మీకు ఎప్పుడూ కనిపించదు, ‘ఆధునిక చరిత్ర’ అని ఉంటుంది, ఎంపిక కమిటీ ఎదుట మీరు ఫ్రెంచి విప్లవం నుంచి ప్రచ్ఛన్న యుద్ధం దాకా, అవసరమైతే ఆధునిక భారతదేశం కూడా చెప్పగలనని నిరూపించాలి. అందుకే వెళ్లేముందు యూజీసీ నెట్ రాసి పాసవ్వండి, తిరిగొచ్చాక ఆ వయసులో ఆ బహుళైచ్ఛిక ప్రశ్నల ముందు కూర్చోవడం ఎంత విసుగో నాకు తెలుసు. ఆర్కైవ్‌లు, మ్యూజియంలు, అనువాదం, జర్మన్ సంస్థల దౌత్య సాంస్కృతిక విభాగాలు కూడా ఈ చదువుకు పనినిస్తాయి. నాతో చదివినవారిలో కొందరు ఆచార్యులకంటే అక్కడే సుఖంగా ఉన్నారు.

కాబట్టి ఈ ఏడాది మీరు చేయవలసింది ఇది. డిసెంబరులోగా నెట్ రాయండి, వేసవిలోగా బి2 దాటండి, ఈలోగా హెర్మన్స్‌బుర్గ్ లాంటి ఒక చిన్న విషయం తీసుకుని అచ్చులో దొరికే జర్మన్ మూలాలతోనే మీ ఎంఏ డిసర్టేషన్ రాయండి. అది పూర్తయ్యాక ఇద్దరు ముగ్గురు ఆచార్యులకు మాత్రమే, విడివిడిగా, జర్మన్‌లో ఉత్తరం రాయండి. మొదటి పేరాలో మీ ప్రశ్న, రెండో పేరాలో దస్త్రాల పేర్లు, వాటి సంఖ్యలు, మూడో పేరాలో ఆయన పుస్తకంలోని ఏ అధ్యాయంతో మీరు ఏకీభవించరో రాస్తే చాలు. పొగడ్తలు అక్కర్లేదు, అక్కడివారు వాటిని దాటవేసి చదువుతారు. మూడు వారాలైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, కానీ ఆగస్టులో పంపకండి, ఆ నెలలో చాలామంది సెలవుల్లో ఉంటారు.